బీజము, క్షేత్రము, నేటి సంతానచికిత్స

గుంటూరు బ్రాడీపేటలో చిరునామా చెప్పే తీరు ప్రత్యేకమైనది. అక్కడ వీధికి పేరు కంటె అంకె ప్రధానం. లైను సంఖ్య, అడ్డరోడ్డు సంఖ్య కలిపి 'నాలుగు బై పద్నాలుగు' అంటే ఇల్లు దొరుకుతుంది. ఆ లైన్లలోను, పొరుగున ఉన్న అరండల్‌పేట, కొత్తపేటలలోను వైద్యశాలలు కిక్కిరిసి ఉన్నవి. పల్నాటి ప్రత్తి రైతు, ప్రకాశం జిల్లా మిరప రైతు రోగం వస్తే మొదట తలచుకునేది ఈ పేటలనే. ఇటీవలి దశాబ్దాలలో ఆ ప్రాంతపు బోర్డులలో 'సంతాన సాఫల్య కేంద్రం' అన్న మాట విరివిగా కనబడుతున్నది. వ్యాకరణం చదివినవారికి ఈ మాట దగ్గర ఒక క్షణం ఆగవలెననిపిస్తుంది. సఫలము యొక్క భావం సాఫల్యం. ఫలం సిద్ధించిన తరువాత వాడదగిన మాట అది. ఆ గుమ్మంలోపల లభించేది ప్రయత్నం; గుమ్మంపైన వ్రాసినది ఫలం. శబ్దానికి అర్థానికి నడుమ ఏర్పడిన ఈ ఎడంలోనే నేటి సంతానచికిత్సకు సంబంధించిన సందేహాలలో సగం ఇమిడి ఉన్నవి.

2019వ సంవత్సరంలో ఆంధ్రదేశాన రెండు సంగతులు జరిగినవి. జనవరిలో జలంధరులో జరిగిన భారత విజ్ఞాన మహాసభలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు నాటి ఉపకులపతి జి. నాగేశ్వరరావు కౌరవుల జననం మూలకణ, పరీక్షనాళిక విజ్ఞానాల వలన జరిగినదని చెప్పినారు. దేశమంతటా దానిపై చర్చ చెలరేగినది. అదే ఏడు సెప్టెంబరు 5వ తేదీన గుంటూరులోని ఒక వైద్యశాలలో డెబ్బది మూడేళ్ళు పైబడిన తూర్పుగోదావరి జిల్లా స్త్రీ ఒకామె శస్త్రచికిత్స ద్వారా కవల ఆడశిశువులను కన్నది. 1962లో వివాహమైన దంపతులు వారు. అన్యస్త్రీ దానం చేసిన అండం, భర్త బీజం, ఆమె గర్భాశయం కలిసి ఆ ఫలం లభించినది. మొదటిది ఇతిహాసంలో లేని శాస్త్రాన్ని ఉన్నదని చెప్పుట. రెండవది శాస్త్రం చేయగలిగిన దానిని చేయవచ్చునా అని అడుగకుండ చేయుట. సంస్కృతం చదివినవారు రెండింటి విషయంలోను మాటాడవలసి ఉండగా మొదటిదానికి చప్పట్లు కొట్టినవారు కొందరు, రెండవది తమది కాదని ఊరకున్నవారు చాలమంది.

అసలు ఈ చికిత్సలో జరిగేది ఏమిటో ముందు తెలియవలె. గర్భసంభవానికి సుశ్రుతుడు శారీరస్థానంలో నాలుగు సామగ్రులను చెప్పినాడు: ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం. అంకురం మొలకెత్తుటకు అదను, నేల, నీరు, విత్తనం కావలసినట్లే గర్భానికి ఈ నాలుగూ కావలెనని ఆయన అభిప్రాయం. వ్యవసాయదారుల నడుమ పుట్టిన ఉపమానం గనుక గుంటూరు సీమలో దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. నేటి వైద్యుడు సంతానం లేని దంపతులను పరీక్షించేటప్పుడు వెదకేది దాదాపుగా ఈ నాలుగింటినే. అండం నెలనెలా విడుదల అవుతున్నదా, గర్భాశయం, అండవాహికలు నిర్దుష్టంగా ఉన్నవా, పోషించే ద్రవ్యాలు సరిగా ఉన్నవా, పురుషబీజం సంఖ్యలో, చలనంలో, ఆకారంలో ఎట్లున్నది అనునవి ఆ ప్రశ్నలు. పోలిక ఇంతవరకే. సుశ్రుతునికి అండం తెలియదు. స్త్రీ వైపునుండి గర్భానికి చేరేది ఆర్తవమని, అది ఋతుశోణితమేనని ప్రాచీనులు భావించినారు. క్షీరదాలలో అండాన్ని కంటితో చూచి నిర్ధారించినవాడు ఫాన్ బేయర్, అది 1827లో. తల్లి వైపునుండి కూడ బీజాంశం వస్తుందని, ఆ బీజభాగం దుష్టమైతే తత్సంబంధమైన అవయవం వికలమవుతుందని ఊహించిన చరకుని బుద్ధిసూక్ష్మతను మెచ్చుకొనుటకు, ఆయన అండాన్ని చూచినాడని చెప్పనవసరం లేదు.

ఆడశిశువు పుట్టేనాటికి ఆమె అండాశయాలలో పది ఇరువది లక్షల అండకోశాలుంటవి. యౌవనం వచ్చేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతవి. జీవితకాలంలో పక్వమై వెలువడేవి సుమారు నాలుగు వందలు మాత్రమే. ముప్పది ఐదేళ్ళ తరువాత సంఖ్యతోపాటు గుణం కూడ త్వరగా క్షీణిస్తుంది. ఐ.వి.ఎఫ్. అనబడే చికిత్సలో స్త్రీకి సుమారు పది దినాలు సూదిమందులిచ్చి, నెలకు ఒకటి పండవలసిన అండాలను ఒకేమారు పది పన్నెండు పండిస్తారు. స్కానింగులో అవి తగినంత పెరిగినట్లు తెలిసిన తరువాత చివరి సూది వేసి, ముప్పది నాలుగు ముప్పది ఆరు గంటలకు, అవి సహజంగా విడుదల అయ్యే క్షణానికి కొంచెం ముందుగా, సన్నని సూదితో వెలికి తీస్తారు. శరీరపు వేడిమి గల పేటికలో, చిన్న గాజుపళ్ళెంలో ఒక్కొక్క అండం చుట్టు వేలకొలది పురుషబీజాలను విడిచిపెడతారు. పురుషబీజం మరీ దుర్బలమైనప్పుడు ఒక్కదానినే ఎంచి సూదితో అండంలో ప్రవేశపెడతారు. బ్రస్సెల్సు వైద్యులు 1992లో వెల్లడించిన ఈ రెండవ పద్ధతిని 'ఇక్సీ' అంటారు. మరునాడు ఉదయానికి అండంలో రెండు కేంద్రకాలు, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి, కనబడితే సంయోగం జరిగినట్లు. మూడవనాటికి అది ఎనిమిది కణాల ముద్ద. ఐదవనాటికి నడుమ ద్రవం నిండిన చిన్న బుడగ. దానిని పలుచని గొట్టంతో గర్భాశయంలో విడుస్తారు. అక్కడినుండి మనుష్యుని చేతిలో ఏమీ లేదు. అంటుకున్నదా లేదా అన్నది రెండు వారాల తరువాత రక్తపరీక్ష చెప్పవలసినదే.

మిరప పండించేవారికి ఒక్కమాటలో చెప్పవలెనంటే ఇది నారుపోసి నాటుట. నారుమడి గాజుపళ్ళెం, పొలం గర్భాశయం. నారు పచ్చగా ఉన్నంతమాత్రాన నాట్లన్నీ బ్రతకవు. చాలమంది దంపతులకు ఒకటి రెండు ప్రయత్నాలు విఫలమవుతవి. కొందరికి అన్నీ విఫలమవుతవి. స్త్రీ వయస్సు నలుబది దాటి, సొంత అండంతో ప్రయత్నిస్తే ఫలించే అవకాశం బాగా తగ్గిపోతుంది. దానం పొందిన చిన్నవయస్సు అండమైతే మాత్రం గర్భాశయం వయస్సు అంత అడ్డురాదు. డెబ్బది మూడేళ్ళ స్త్రీ గర్భం దాల్చగలుగుటలోని రహస్యం ఇంతే. ఆమె క్షేత్రం మందులతో మేల్కొన్నది, బీజం మరొకరిది.

ఇప్పుడు గాంధారి కథ. వ్యాసభారత ఆదిపర్వంలోను, నన్నయ ఆదిపర్వంలోను కథాక్రమం స్పష్టంగానే ఉన్నది. గాంధారి ధృతరాష్ట్రుని వలన గర్భం ధరించినది. కాలం గడచినా ప్రసవం కాలేదు. కుంతి కుమారుని కన్నదని విని గాంధారి తన కడుపును తానే బాదుకున్నది. మాంసపేశి బయటపడినది. వ్యాసుడు దానిని తడిపించి నూటొక్క ముక్కలుగా విభజింపజేసి నేతికుండలలో ఉంచినాడు. ఐ.వి.ఎఫ్.లో బీజసంయోగం శరీరానికి వెలుపల, పోషణ లోపల. గాంధారి కథలో బీజసంయోగం లోపల, పోషణ వెలుపల. రెండూ ఒకదానికొకటి విలోమాలు. శ్లోకాలను వరుసగా చదివిన విద్యార్థి ఎవడైనా ఈ తేడాను పట్టుకోగలడు. ద్రోణుని జననంలో పాత్ర ఉన్నది గాని స్త్రీబీజం లేదు. బలరాముడు దేవకి గర్భంనుండి రోహిణి గర్భంలోనికి మార్చబడినాడన్న కథ నేటి అద్దెగర్భాన్ని తలపిస్తుంది. కాని అక్కడ చెప్పబడినది యోగమాయ, ప్రక్రియ కాదు. పురాణజననాలన్నీ శాస్త్రమేనని పట్టుపట్టేవారు మంత్రజలం త్రాగి పార్శ్వం చీల్చుకొని మాంధాతను కన్న యువనాశ్వుని కూడ లెక్కలోనికి తీసుకోవలె. పురుషుని గర్భధారణకు ఏ ప్రయోగశాలలో ఆధారం చూపగలరో వారే చెప్పవలె. గాంధారి కుండలు మాతృత్వంలోని అసూయను, వేదనను చెప్పే కథ. దానిని ప్రయోగశాల నివేదికగా మార్చితే శాస్త్రానికి లాభం లేదు, కావ్యానికి నష్టం మాత్రం కలదు.

ఈ విషయంలో గర్వపడదగినది నిజంగానే ఒకటి ఉన్నది. 1978 జూలై 25న ఇంగ్లండులో తొలి పరీక్షనాళిక శిశువు లూయీ బ్రౌన్ జన్మించినది. ఆ కార్యానికి ఎడ్వర్డ్స్, స్టెప్టో, జీన్ పర్డీ కారకులు. ముగ్గురిలో అప్పటికి జీవించియున్న ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి వచ్చినది. ఆ శిశువు పుట్టిన డెబ్బది దినాలకే, అదే ఏడు అక్టోబరు 3న, కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషి ఫలంగా 'దుర్గ' అనబడిన శిశువు పుట్టినది. ఆయన పిండాన్ని కొంతకాలం అతిశీతలంలో భద్రపరచి, తరువాతి ఋతుచక్రంలో గర్భాశయంలో ఉంచినాడు. నేడు ప్రపంచమంతటా అనుసరింపబడుతున్న మార్గం అది. నాటి ప్రభుత్వం వేసిన విచారణసంఘం ఆయన మాటను నమ్మలేదు. ఆయనను నేత్రవైద్యసంస్థకు బదిలీ చేసినారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకొన్నాడు. 1986లో బొంబాయిలో పుట్టిన శిశువే దేశంలో మొదటిదని చాలకాలం పుస్తకాలలో ఉన్నది. ఆ శిశుజననానికి కారకులలో ఒకరైన శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనందకుమార్, ముఖోపాధ్యాయ విడిచిపోయిన కాగితాలను చదివి, ప్రథమస్థానం తనది కాదు, ఆయనదేనని 1997లో లోకానికి చెప్పినాడు. ద్వాపరయుగపు కుండలకు తాళం వేసేవారిలో ఎందరికి ఈ ఇరువురి పేర్లు తెలుసు?

సంస్కృత పండితులు నిజంగా చెప్పగలిగినది మరొకచోట ఉన్నది. దానం పొందిన బీజంతో పుట్టిన బిడ్డ ఎవరిది, గోత్రమేది, శ్రాద్ధాధికారం కలదా అని గృహస్థులు పురోహితులను అడుగుతున్నారు. పురోహితులు ప్రాచ్యకళాశాలల అధ్యాపకులను అడుగుతున్నారు. ఇది ధర్మశాస్త్రం తలస్పర్శిగా చర్చించిన ప్రశ్న. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలో బీజం ప్రధానమా, క్షేత్రం ప్రధానమా అన్న వాదం దీర్ఘంగా నడచినది. నిర్ణయం మాత్రం ఒడంబడికను బట్టి ఉన్నది. ముందుగా మాట అనుకొనకపోతే ఫలం క్షేత్రస్వామిది, అనుకొంటే ఇరువురిది. అయితే అక్కడ క్షేత్రస్వామి అంటే క్షేత్రమైన స్త్రీ కాదు, ఆమె భర్త. స్త్రీకి స్వామ్యం లేదు, బీజమూ లేదు. నేడు స్త్రీ వైపునే బీజమొకరిది, క్షేత్రమొకరిది అయినది. మనువుకు రాని సందేహం ఇది.

2021లో పార్లమెంటు చేసి, 2022 జనవరి 25నుండి అమలులోనికి తెచ్చిన సహాయక పునరుత్పత్తి నియంత్రణ చట్టం ఈ చిక్కును ఒక్క వాక్యంలో విప్పినది. చికిత్స కోరి వచ్చిన దంపతులకే ఆ బిడ్డ సొంతబిడ్డగా పరిగణింపబడును. దాతకు ఏ హక్కూ ఉండదు. ఒడంబడిక చేత ఫలస్వామ్యం నిర్ణయమగుననుట వరకు ఇది మనువు మార్గమే. స్త్రీని కూడ స్వామినిగా గుర్తించుటలో మనువును మించినది. గోత్ర విషయంలో కూడ గట్టి చిక్కు లేదు. భర్త బీజమైతే సందేహమే లేదు. దాత బీజమైతే దత్తపుత్రునికి పెంచినవాని గోత్రం వచ్చునన్న నిర్ణయం చేతిలో ఉన్నది. ఔరస దత్తకాది ద్వాదశవిధ పుత్రులను అంగీకరించిన స్మృతికారులు, శాస్త్రీయమైన సమ్మతితో దంపతులు కోరి కన్న బిడ్డను శ్రాద్ధకర్మకు అనర్హునిగా చేయుదురని ఊహించుట వారికి అపచారం. కొందరు పురోహితులు నేడు ముఖం తిప్పుకొనుట శాస్త్రజ్ఞానం వలన కాదు, శాస్త్రం చదవకపోవుట వలన.

నిజమైన చిక్కు సాపిండ్యంలో ఉన్నది. జీమూతవాహనుడు పిండదానసంబంధాన్ని బట్టి సపిండత్వం చెప్పగా, విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఏకశరీరావయవాన్వయం చేత చెప్పినాడు. తల్లిదండ్రుల శరీరాంశలు బిడ్డలో అనువర్తిస్తవి గనుక వారు సపిండులు. ఆంధ్రదేశానికి మితాక్షరయే ప్రమాణం. కేతన విజ్ఞానేశ్వరీయం ద్వారా పదమూడవ శతాబ్దిలోనే అది తెలుగైనది. ఈ లక్షణాన్ని బట్టి చూస్తే అండదాత్రికి, ఆమె సంతానానికి, ఈ బిడ్డకు సాపిండ్యం తప్పదు. కన్నతల్లి రక్తంతో తొమ్మిది మాసాలు పెరిగినది గనుక ఆమెతో కూడ సాపిండ్యం చెప్పవచ్చు. దత్తుని విషయంలో జనకకులంతో వివాహనిషేధం తొలగదని నిబంధనకారులు చెప్పుటకు కారణం ఇదే. దాత పేరు దంపతులకు తెలియని నేటి పద్ధతిలో ఆ నిషేధాన్ని పాటించేదెట్లు? ఒక దాత బీజాన్ని ఒక్క దంపతుల కంటె ఎక్కువమందికి ఈయరాదని 2021 చట్టం విధించినది. సగోత్ర సపిండ వివాహాలను గురించి ఎన్నో గ్రంథాలు వ్రాసిన జాతి ఈ నిబంధన నిజంగా అమలు జరుగుచున్నదా అని అడుగవలసిన మొదటి జాతి. ఆ ప్రశ్న ఇంతవరకు పండితసభలనుండి వినబడలేదు.

వంధ్యాశబ్దాన్ని గురించి ఒకమాట. తర్కపాఠంలో అత్యంతాసత్తుకు గగనకుసుమం, శశశృంగం, వంధ్యాపుత్రుడు ఉదాహరణలు. వైద్యం పెరిగిన తరువాత ఈ మూడవ ఉదాహరణ చెల్లునా అని విద్యార్థులు అడుగుట సహజం. చెల్లును. పుత్రుడు లేనిదే వంధ్య గనుక ఆ మాటలోని విరోధం ఏ చికిత్సకూ లొంగదు. బిడ్డను కన్న స్త్రీ వంధ్య కాదు. ఉదాహరణ నిలిచినా, ఆ మాటను ఒక స్త్రీ ముఖం మీద అనే అలవాటుకు మాత్రం ఆధారం లేదు. వంధ్యను ఎనిమిదవ ఏట విడిచి వేరొకతెను పెండ్లాడవచ్చునన్న మనువు, భర్త బీజాన్ని పరీక్షించుమని ఆ చోట చెప్పలేదు. ఆయుర్వేదాచార్యులు అట్లా కాదు. శుక్రదోషాలు ఎనిమిదింటిని పేర్కొని చికిత్సలు చెప్పినారు. నారదుడు ఇంకొక అడుగు ముందుకు వేసి వివాహానికి ముందే వరుని పుంస్త్వాన్ని పరీక్షింపవలెనని, బీజం లేనివానికి క్షేత్రాన్ని ఈయరాదని నిర్మొగమాటంగా వ్రాసినాడు. సంతానం లేని జంటలలో దాదాపు సగంమందిలో పురుషుని వైపు లోపం కూడ కారణమని నేటి వైద్యం చెప్పుచున్నది. అయినా పల్లెలలో మొదట వైద్యశాల గడప ఎక్కేది ఒంటరిగా కోడలే. భర్తకు చేయవలసిన పరీక్ష సులభమైనది, చవుకైనది, ఒక్కపూటలో ముగిసేది. దానిని తప్పించుకొనుటకు కోడలికి ఏళ్ళతరబడి మందులు మ్రింగించిన ఇండ్లు ఎన్నో. స్మృతులనుండి ఒకే ఒక వాక్యం లోకానికి వినిపింపదలచినవారు నారదుని ఈ వాక్యాన్ని ఎంచుకొందురు గాక.

గుంటూరు కవలల సంగతి. ఆ దంపతుల దుఃఖాన్ని పరిహసించుట తగదు. యాభై ఏడేండ్లు శుభకార్యాలలో వెనుక నిలబడిన స్త్రీ కోరికను తప్పుపట్టుటకు సమాజానికి అర్హత లేదు. ఆమెను వెనుక నిలబెట్టినది సమాజమే. తప్పు పట్టదగినది వైద్యధర్మాన్ని. ఆ వయస్సులో గర్భం గుండెకు, రక్తపోటుకు పెనుభారం. అది కాక, తల్లిదండ్రుల ఋణం తీర్చవలసిన వయస్సుకు ముందే బిడ్డలు వారిని కోల్పోవుట దాదాపు నిశ్చయం. పితృఋణం సంతానం చేత తీరునని శాస్త్రం చెప్పినది నిజమే. కని విడుచుట చేత తీరునని మాత్రం చెప్పలేదు. ఉపనయన వివాహాదులు జరిపించుట వరకు తండ్రికి విధులున్నవి. వైద్యవర్గాలలోనే నాడు తీవ్రమైన ఆక్షేపణ వచ్చినది. తరువాత వచ్చిన చట్టం స్త్రీకి యాభై, పురుషునికి యాభై ఐదు అని హద్దు గీచినది. ఆ హద్దు కొందరికి కఠినంగా తోచవచ్చు. కాని ఆశకు హద్దు లేదు గనుకనే విధికి హద్దు అవసరమైనది.

చట్టమున్నా అంగడి అంగడియే. గుంటూరులో మిరప విత్తనాల పొట్లం కొంటే దానిమీద మొలకశాతం అచ్చువేసి ఉండవలె. మొలక రాకపోతే రైతు పొట్లం పట్టుకొని అధికారి వద్దకు పోతాడు. సాఫల్యకేంద్రపు ప్రకటనలో ఏ వయస్సు స్త్రీలలో నూటికి ఎందరికి బిడ్డ చేతికి వచ్చినదో కనబడుట అరుదు. గర్భం నిలిచిన సంఖ్య వేరు, ప్రసవమైన సంఖ్య వేరు. మొదటిదానిని రెండవదానిగా చదువుకొనేటట్లు వ్రాయుట ఒక కళగా మారినది. విజయావకాశాలను దంపతులకు వివరించవలెనని చట్టంలో ఉన్నది. ప్రత్తి అమ్మిన సొమ్ము, కొన్నిసార్లు పొలం అమ్మిన సొమ్ము, తెచ్చిన దంపతులకు ఆ వివరం తెలుగులో, వ్రాతమూలకంగా అందితే సాఫల్యశబ్దం పెట్టే భ్రమ కొంత తొలగును. 2025 జూలైలో సికింద్రాబాదులో పోలీసులు నమోదు చేసిన కేసు అందరికీ తెలిసినదే. అద్దెగర్భం ద్వారా పుట్టిన మీ బిడ్డ అని దంపతులకు అప్పగించిన శిశువుకు వారితో జన్యుసంబంధం లేదని పరీక్షలో తేలినది. పేదలనుండి శిశువులను కొని ఇట్లు అప్పగించినారన్నది అభియోగం. నిజానిజాలు న్యాయస్థానం తేల్చును. ద్వాదశపుత్రులలో క్రీతుడు ఒకడు. కాని క్రీతుని ఔరసుడని చెప్పి అమ్మే వ్యవహారానికి స్మృతులలో పుత్రప్రకరణంలో చోటు లేదు, స్తేయప్రకరణంలోనే వెదకవలె.

ఇంత చర్చలోను పేరు లేకుండ మిగిలిపోయినది ఒకతె. ఇరువది మూడు, ముప్పది ఐదేళ్ళ నడుమ వయస్సులో, జీవితంలో ఒక్కమారు మాత్రమే, ఏడు అండాలకు మించకుండ తీసుకొనవలెనని చట్టం ఎవరి విషయంలో విధించినదో ఆ దాత్రి. సూదిమందుల బాధ ఆమెది, మత్తులో పడుకొనే ప్రమాదం ఆమెది. బిడ్డకు ఆమె పోలిక రావచ్చు, పేరు రాదు. పాలిచ్చినదానికి ధాత్రి అని, పెంచినదానికి ఉపమాత అని పేర్లు పెట్టిన భాషలో ఈమెకు ఇంకా పేరు లేదు. బీజమాత అనవచ్చునా, అంటే కన్నతల్లి మనస్సు నొచ్చునా అన్నది విచారణీయం. మహాలయపక్షపు తర్పణాలలో తండ్రి వంశం, తల్లి వంశం ముగిసిన తరువాత గురువుకు, సఖునికి కూడ నువ్వులు నీళ్ళు వదలే ఆచారమున్నది. గోత్రనామాలు తెలియని ఆ స్త్రీకి ఆ వరుసలో ఏ స్థానం చెప్పవలెనో నిర్ణయించవలసినది పండితులే.